గర్భిణికి చక్కెర పరీక్ష: చేయించుకొనవలెనా, మానవలెనా

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు మిరప యార్డునకు టిక్కీలు వేలకు వేలుగా దిగుచుండు కాలముననే, ఆ కాయలు కోయు చేలలో ఆరవ నెలయో ఏడవ నెలయో నడచుచున్న గర్భిణులు కొందరు సాళ్ళ వెంట వంగి పనిచేయుచుందురు. ఊరి ఆశా కార్యకర్త వారిని చూచి, "ఒక్క పూట రావే అమ్మా, గ్లూకోజు తాగి రెండు గంటలు కూర్చుంటే అయిపోతుంది" అని పిలుచును. వారు "నాకెందుకుంటది షుగరు అక్కా, మా ఇంటా వంటా లేదు" అని మరల సాలులోనికి తిరుగుదురు. చదువుకొన్న కుటుంబములలోను ఈ సంభాషణ జరుగుచునే యున్నది గాని అక్కడ మాటలు వేరు. డల్లాసులోనున్న అక్కకు 50 గ్రాముల గ్లూకోజు ఇచ్చి గంటకే రక్తము తీసిరట, ఒంగోలులోనున్న చెల్లెలికి 75 గ్రాములిచ్చి రెండు గంటలు కూర్చుండబెట్టిరట, పైగా ఒక వైద్యుడు పరగడుపున రమ్మనునట, మరియొకరు తిని వచ్చినను సరేననునట. వైద్యులే ఒక మాటమీద లేనప్పుడు మనకేల తొందరయని ఆ యింటివారి తర్కము. ఈ రెండు తిరస్కారములలోను ఆలోచింపదగిన సత్యము కొంత కలదు. ఆ కొంత యెంతయో తూచి చూచి, పిమ్మట పరీక్ష మాట తేల్చుకొనుట న్యాయము.

ముందుగా వ్యాధి స్వభావమును చూతము. గర్భము ఇరువది వారములు దాటిన పిమ్మట మాయ స్రవించు కొన్ని హార్మోనులు తల్లి దేహములో ఇన్సులిను చేయు పనిని మందగింపజేయును. తల్లి తిన్న అన్నములోని చక్కెర శిశువునకు ఎడతెగక అందుటకై ప్రకృతి చేసికొన్న ఏర్పాటిది. ఆరోగ్యవతియైన స్త్రీ క్లోమము రెండు మూడు రెట్లు ఇన్సులినును పుట్టించి ఆ లోటును పూడ్చుకొనును. పూడ్చుకొనజాలని తల్లి రక్తమున చక్కెర హెచ్చును. ఆ చక్కెర మాయను దాటి శిశువును చేరును గాని తల్లి ఇన్సులిను దాటదు. కావున కడుపులోని బిడ్డ తన చిన్న క్లోమముతోనే ఆ యధిక చక్కెరను సంబాళించుకొనవలసి వచ్చును. అట్లు పుట్టిన అధికమైన ఇన్సులిను బిడ్డకు భుజములయందును పొట్టయందును కొవ్వు చేర్చి కాన్పును కష్టతరము చేయును. బొడ్డు కోసినంతనే చక్కెర రాక ఆగిపోవును, ఇన్సులిను మాత్రము బిడ్డ రక్తమున మిగిలియుండును. అందుచేత పుట్టిన కొన్ని గంటలలో బిడ్డకు చక్కెర పడిపోవు ప్రమాదము కలుగును. డెన్మార్కు వైద్యుడు యోర్గన్ పెడర్సన్ 1950వ దశకమున ప్రతిపాదించిన ఈ కార్యకారణ క్రమము నేటికిని మూలమున చెక్కు చెదరక నిలిచియున్నది. ఇందు గమనింపదగినదేమనగా, ఈ స్థితి తల్లికి నొప్పిగాని బాధగాని కలిగింపదు. అలసట, మాటిమాటికి మూత్రమునకు పోవుట మొదలగునవి గర్భిణులందరికిని సహజములే గనుక లక్షణములను బట్టి ఎవరును దీనిని కనిపెట్టజాలరు. "నాకేమీ లేదు" అను ఆమె తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పుచున్నది.

1883లో అన్నా కుగ్లర్ అను అమెరికను లూథరను వైద్యురాలు గుంటూరునకు వచ్చి స్త్రీలకు వైద్యము మొదలిడిన నాటికి ఈ సీమలో కాన్పు భయములు వేరు: అడ్డము తిరిగిన బిడ్డ, నిలువని నెత్తురు, బాలింత జ్వరము. చక్కెరవ్యాధి గల స్త్రీ గర్భము దాల్చుటయే అరుదు, దాల్చినచో తల్లీబిడ్డలు దక్కుట మరింత అరుదు. 1921లో టొరంటోలో ఇన్సులినును కనుగొను వరకు ప్రపంచమంతటను ఇదే గతి. 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చెను, తరువాతి కాలమున ఒంగోలునకు రిమ్సు వైద్య కళాశాల వచ్చెను, పల్లెపల్లెకు ఏఎన్ఎమ్‌లు వచ్చిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. కంటికి కనబడు ఆ పాత భయములు తగ్గిన కొలది కనబడని భయములు ముందుకు వచ్చినవి.

వాటికి తోడు తిండియు మారినది. పల్నాటిలోను, ప్రకాశము మెట్టలైన కనిగిరి, పొదిలి ప్రాంతములలోను తాతల నాటి అన్నము జొన్న, సజ్జ, వరిగ. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన పిదప కాలువ క్రిందికి వరి వచ్చెను. కాలువ చేరని ఊళ్ళకు సైతము 1983 నుండి కిలో రెండు రూపాయల బియ్యము చేరెను. ఆకలి తీరుట గొప్ప సంగతియే, దానిని తక్కువ చేయుట అన్నము కరవెరుగని వారికి తగును గాని నాకు తగదు. అయితే మూడు పూటల తెల్లబియ్యము, మధ్యాహ్నపు గోంగూర పచ్చడిలోనికి రెండవ మారు వడ్డన, పప్పు పలుచన, కూర నామమాత్రము అను ఈ భోజనము, కడుపుతో నున్నదాని పళ్ళెములో "ఇద్దరి తిండి తినాలే" అను అత్తగారి ఆప్యాయతతో మరింత పెద్దదగును.

ఇక పరీక్షకు సంబంధించిన వివాదము. 1964లో బోస్టనులో ఓసల్లివన్, మాహన్ అనువారు 752 మంది గర్భిణుల రక్తము పరీక్షించి తొలి హద్దులు గీచిరి. ఆ హద్దులు తల్లికి మున్ముందు చక్కెరవ్యాధి వచ్చునా రాదా అని ఊహించుటకు గీచినవే గాని, బిడ్డకు కలుగు కీడును బట్టి గీచినవి కావు. బిడ్డ మాట తేల్చుటకు తొమ్మిది దేశములలో పదునైదు కేంద్రములు కలిసి చేసిన హాపో అను మహాపరిశీలన 2008లో వెలువడెను; వాటిలో భారతదేశపు కేంద్రము ఒక్కటియు లేకుండుట మనకొక లోటే. ఇరువది మూడు వేలకు పైబడిన తల్లులలో పరగడుపు చక్కెర మిక్కిలి తక్కువగా నున్నవారికి అధిక బరువు బిడ్డలు నూటికి 5 మంది కాగా మిక్కిలి హెచ్చుగా నున్నవారికి 26 మంది పుట్టిరి. ఈ రెంటికి నడుమ ఎక్కడను మెట్టు కనబడలేదు. చక్కెర పెరిగిన కొలది కీడు కొంచెము కొంచెముగా పెరుగుచునే పోయినది. యార్డులో మిరపకాయ తేమను చూచి వ్యాపారి ఎక్కడనో ఒకచోట "ఇంతకు మించితే తీసుకోం" అని గీత గీయునే గాని, ఆ గీతకు ఇవతలి కాయకు అవతలి కాయకు స్వభావభేదము లేనట్లే, ఇక్కడను హద్దు మనుష్యులు పెట్టుకొన్నదే. 2010లో ఒక అంతర్జాతీయ సంఘము పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 మిల్లీగ్రాములను హద్దులుగా పెట్టెను. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటినే స్వీకరించెను. అమెరికాలో పెక్కురు ప్రసూతి వైద్యులు 50 గ్రాముల ప్రాథమిక పరీక్ష, పిమ్మట 100 గ్రాముల నిర్ధారణ పరీక్ష అను రెండంచెల పాత పద్ధతిని విడువలేదు. డల్లాసు అక్కకు, ఒంగోలు చెల్లెలికి వచ్చిన భేదమిదియే. హద్దు ఎక్కడయను దానిపైననే పండితుల కలహము. అధికమైన చక్కెర బిడ్డకు చెరుపు చేయునను దానిపై కలహము లేదు. ఈ రెంటిని కలగాపులగము చేసికొని, వైద్యులలోనే పొత్తు లేదు గనుక పరీక్షయే వ్యర్థమని తీర్మానించువారు పొరపడుచున్నారు.

భారతదేశము తన దారి తాను చూచుకొన్నది. చెన్నై వైద్యుడు వి. శేషయ్య గారును ఆయన సహచరులును ప్రచారము చేసిన డిప్సి పద్ధతిలో గర్భిణి తిని వచ్చినను తినక వచ్చినను 75 గ్రాముల గ్లూకోజు ఒక్కమారే ఇచ్చి, రెండు గంటలకు రక్తము చూచి, 140 గాని అంతకు మించి గాని యున్నచో గర్భకాలపు మధుమేహముగా పరిగణింతురు. తమిళనాడు 2007లోనే దీనిని సార్వత్రికము చేసెను. కేంద్ర ప్రభుత్వము 2014లో జాతీయ మార్గదర్శకములుగా ప్రకటించి 2018లో సవరించెను. గర్భిణి తొలిసారి వచ్చినప్పుడొక పరీక్ష, అది మామూలుగా నున్నచో 24 నుండి 28 వారముల నడుమ మరియొకటి. ఇరువది యెనిమిది వారములు దాటి వచ్చినవారికి ఒక్కటియే. ఈ పద్ధతి పుట్టుకలో లోకజ్ఞానమున్నది: పరగడుపున రమ్మన్న పల్లెటూరి స్త్రీ మరునాడు తిరిగి రాదు. కాని దీనికి ప్రత్యర్థులును చెన్నైలోనే కలరు. వి. మోహన్ ప్రభృతులు 2014లో ప్రకటించిన పరిశీలనలో, పరగడుపు పరీక్షచే తేలినవారిలో మూడవ వంతు మందినైనను ఈ పద్ధతి పట్టుకొనజాలకపోయెను. ఇతరుల పరిశీలనలలో ఫలితము ఇంతకంటె మెరుగుగా వచ్చినది. నా మటుకు నాకు తోచునది ఇది: ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పది కిలోమీటర్ల దూరము షేరు ఆటోలో వచ్చు స్త్రీకి డిప్సి పద్ధతియే తగును, ఏలయన జరిగిన సామాన్య పరీక్ష జరుగని శ్రేష్ఠ పరీక్షకంటె మేలు, గుంటూరు పట్టణమున కొత్తపేట నర్సింగుహోములకు పోగల స్త్రీ మాత్రము పరగడుపున పోయి మూడు మార్లు రక్తమిచ్చి రావచ్చును. డిప్సిలో బాగున్నదని వచ్చినంత మాత్రమున, తల్లికో తండ్రికో చక్కెరవ్యాధి గల స్త్రీ, లేదా తొలి కాన్పున నాలుగు కిలోల బిడ్డను కన్న స్త్రీ నిశ్చింతగా నుండదగదు.

ఎవరికి చేయవలెనను ప్రశ్నకు పాశ్చాత్యుల సమాధానములు కొన్ని ఇక్కడ నిలువవు. వయసు ఇరువదియైదు దాటినవారికి, స్థూలకాయులకు మాత్రమే చేసినచో చాలునని ఒకప్పుడు కొందరు వాదించిరి. ఆంధ్రప్రదేశమున ఇరువది నుండి ఇరువది నాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లి అయినదని పైన జెప్పిన సర్వే తెలుపుచున్నది. అట్టి చోట వయసు జల్లెడ పట్టుట వలన జల్లెడలో నిలుచువారికంటె జారిపోవువారే హెచ్చు. దేహపు బరువు మాట చూడుడు. పూనాలో యాజ్ఞిక్ ప్రభృతులు 2003లో ఇంగ్లండు శిశువులతో పోల్చి చూపిన దానిని బట్టి, మన శిశువులు బరువున తక్కువయయ్యును కొవ్వున తక్కువ కారు; సన్నగా కనబడుచునే లోపల కొవ్వు మోయు దేహతత్త్వము మనది. ఇంగ్లండులో మాత్రము అందరికిని గాక ప్రమాద లక్షణములు గలవారికే పరీక్ష చేయుదురు గాని, ఆ లక్షణముల పట్టికలో దక్షిణాసియా వంశమున పుట్టుట ఒకటి. అనగా గుంటూరు పిల్ల లండనులో కడుపుతో నున్నచో, పుట్టిన జాతిని బట్టియే ఆమెకు పరీక్ష చేయుదురు. చేలో పనిచేయు సన్నని పిల్లకు షుగరు రాదనుకొనుట ఈ కారణముననే చెల్లదు.

పరీక్ష జరుగు తీరును దగ్గరగా చూచినవారికి దాని బలహీనతలును తెలియును. ప్రతి నెల తొమ్మిదవ తేదీన ప్రభుత్వ కేంద్రములలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగునప్పుడు వరండాలో బల్లలు నిండిపోవును. మూడు వందల మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపిన గ్లూకోజు స్టీలు గ్లాసులో తేనెపాకమువలె చిక్కగా వెగటుగా నుండును. కొందరు నర్సులు నిమ్మకాయ పిండుదురు. ఐదు పది నిమిషములలో తాగి ముగింపవలెను. అరగంటలోపల వాంతియైనచో ఆ పూట పరీక్ష లేనట్లే, మరునాడు మరల చేయవలెను. అరగంట దాటిన పిమ్మట వాంతియైనచో కొనసాగింపవచ్చును. తాగిన వేళ కార్డుపై వ్రాయవలెను. అక్కడనే చిక్కు వచ్చును: ఆటోవాడు గేటు దగ్గర హారను కొట్టుచుండును, వెంట వచ్చిన ఆడబిడ్డ ఎదుటి బండిమీద రెండిడ్లీలు తెచ్చి పెట్టును, గర్భిణి గంటంబావుకే "నాది చూసెయ్యండమ్మా, పిల్లోడు బడినుంచి వస్తాడు" అని ప్రాధేయపడును. నడుమ ఇడ్లీ తిన్నచో లెక్క హెచ్చవచ్చును. వేళకు ముందే తీసిన రక్తపు లెక్కను రెండు గంటల హద్దుతో సరిచూచుట అర్థములేని పని. ఇక రక్తమును సీసాలో పట్టి దూరపు ప్రయోగశాలకు పంపుచోట మరియొక మోసమున్నది. రక్తకణములు సీసాలో నున్నను చక్కెరను తినుట మానవు. గంటకు నూటికి ఐదారు వంతుల చొప్పున తగ్గును, వేడికి మరింత త్వరగా తగ్గును. రెంటచింతల యెండలో 150 ఉన్న రక్తము రెండు గంటలు బల్లమీద నిలిచినచో 140కి దిగువకు జారి, "ఏమీ లేదు పొమ్మ"ను చీటీగా మారవచ్చును. కావున అక్కడికక్కడే సరియైన గ్లూకోమీటరుతో చూచుట ఈ విషయమున పెద్ద యంత్రముకంటె నయము.

ఇంత చేసి ఫలమేమి? ఆస్ట్రేలియాలో వేయిమంది తల్లులపై జరిగి 2005లో వెలువడిన పరిశోధనలో, చికిత్స పొందినవారి శిశువులకు తీవ్రాపాయములు నూటికి 4 నుండి 1కి తగ్గెను. 2009లో అమెరికాలో తక్కువ తీవ్రత గల తల్లులపై జరిగిన పరిశోధనలో ముఖ్యాంశమున భేదము కనబడలేదు గాని, అధిక బరువు బిడ్డలు, కాన్పులో భుజము చిక్కుకొనుట, రక్తపుపోటు, సిజేరియనులు తగ్గెను. ఇవి పరీక్ష పక్షమున సాక్ష్యములు. ఎదుటి పక్షమునకును బలమైన సాక్ష్యములున్నవి. 2021లో వెలువడిన అమెరికా పరిశోధనలో ఒక్క అంచె పరీక్ష వలన రెండంచెల పరీక్షకంటె రోగిణులుగా తేలినవారు ఇంచుమించు రెట్టింపైరి, తల్లీబిడ్డల క్షేమమున మాత్రము తేడా లేదు. 2022లో న్యూజీలాండులో నాలుగు వేల మందిపై జరిగిన పరిశోధన మరింత స్పష్టము: హద్దును దించినచో వ్యాధి పేరు పొందినవారు నూటికి 6 నుండి 15కు పెరిగిరి, అధిక బరువు బిడ్డల సంఖ్య మాత్రము ఉన్నచోటనే యుండెను. వీటన్నిటిని కలిపి చదివినచో నాకు కనబడు తాత్పర్యము: చక్కెర బాగుగా హెచ్చినవారికి చికిత్స మేలు చేయుట నిశ్చయము, హద్దునకు ఆనుకొని యున్నవారికి ఆ మేలు స్వల్పము, సందిగ్ధము. 142 వచ్చిన స్త్రీకి 210 వచ్చిన స్త్రీకి ఒకే భయము చెప్పుట శాస్త్రము కాదు. దురదృష్టవశమున కార్డుపై ఇద్దరికిని ఎర్రసిరాతో ఒకే మాట వ్రాయుదురు.

మా ప్రాంతపు స్త్రీల అసలు భయము సూదులు కావు, కత్తి. "షుగరని రాస్తే ఆపరేషనే" అను మాట నరసరావుపేట మొదలు మార్కాపురము వరకు వినబడును, అది నిరాధారము కాదు. ఆ 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశమున నూటికి 42 కాన్పులు సిజేరియనులే, ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 60 దాటినవి. అప్పటి దేశపు సగటు 21. అట్టి చోట వ్యాధి పేరొకటి చేతికి చిక్కినచో కత్తికి ఇంకొక సాకు దొరకునని శంకించు తల్లి మూర్ఖురాలు కాదు. ఆస్ట్రేలియా పరిశోధనలోను సిజేరియనులు పెరుగలేదు గాని మందులతో నొప్పులు తెప్పించుట పెరిగెను. ఇందుకు మందు పరీక్షను మానుట కాదు, నియమమును తెలిసికొనుట. చక్కెర అదుపులోనుండి బిడ్డ ఎదుగుదల సరిగా నున్నచో సహజ ప్రసవమే మార్గమని, సిజేరియను వేరు ప్రసూతి కారణములున్నప్పుడే చేయవలెనని, బిడ్డ బరువు నాలుగు కిలోలకు చేరునని అంచనా యున్నప్పుడు ఆ యోచన చేయవచ్చునని ప్రభుత్వ మార్గదర్శకములే చెప్పుచున్నవి. "షుగరుంది కాబట్టి" అను వైద్యునితో "నా షుగరు అదుపులోనే ఉంది కదండీ, మరి ఎందుకు?" అని అడుగుటకు ఆ తల్లికిని ఆమె భర్తకును హక్కు కలదు.

చికిత్సయు అనుకొన్నంత దుర్భరము కాదు. పదిమందిలో ఏడెనిమిదిమందికి తిండి మార్పుతోనే సరిపడును. రెండు వారములు తిండి నియమము చూచిన పిమ్మట భోజనానంతరము రెండు గంటలకు 120 మించినప్పుడే మెట్‌ఫార్మినుగాని ఇన్సులినుగాని మొదలిడుదురు. మా సీమలో ఆ నియమము అన్నము మానుట కానక్కరలేదు. పళ్ళెమున అన్నము తగ్గించి, పప్పు చిక్కగా వండి, చిక్కుడో గోరుచిక్కుడో రెండింతలు వడ్డించి, ఒక పూటకు జొన్నరొట్టె పెట్టి, మూడు పెద్ద పూటలను ఆరు చిన్న పూటలుగా విడదీసినచో చాలవరకు జరిగినట్లే. అయితే చిన్న వైరుధ్యములు లేకపోలేదు. అంగన్వాడీ కేంద్రము పాలు, గుడ్డుతోపాటు నెత్తురు పట్టుటకై బెల్లము, పల్లీ చిక్కి ఇచ్చును. గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులైన రాష్ట్రమున అది తప్పు కాదు. కాని చక్కెర తేలిన తల్లి చేతిలో ఆ చిక్కి పెట్టునప్పుడు ఒక మాట చెప్పువారుండవలెను. "రోజూ నడవండి" అను సలహా మరియొకటి. ఉదయమునుండి సాయంకాలము వరకు మిరప సాళ్ళలో వంగి లేచు కూలి స్త్రీకి ఆ ఉపదేశము చేయుట చూచినప్పుడు నాకు నవ్వు వచ్చును. ఆమెకు కావలసినది నడక గాదు, మధ్యాహ్నము కూర్చుండి తినుటకు నీడ.

కాలము కూడ మనకు అనుకూలముగా లేదు. పరీక్ష చేయదగిన ఆరు ఏడు మాసములలోనే సీమంతము వచ్చును, సూడిదలు వచ్చును, చలిమిడి ముద్దలు, అరిసెలు, లడ్డూలు పళ్ళెములకెత్తి ముత్తైదువలు ఒడి నింపుదురు, తొలిచూలు పిల్లను పుట్టింటికి తీసికొనిపోదురు. అత్తవారి ఊరి ఏఎన్ఎమ్ పుట్టింటిలో చేయుదురులే యనుకొనును, పుట్టింటి ఊరి ఏఎన్ఎమ్ అక్కడ చేసియే యుందురనుకొనును; కార్డు బీరువాలో మరచి వచ్చినచో ఇద్దరి ఊహలకును సాక్ష్యముండదు. ఇంతకంటె కష్టము ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతములనుండి పత్తి తీయుటకు, మిరప కోయుటకు కుటుంబములతో వలసవచ్చి చేలగట్లమీద గుడారములు వేసికొని యుండు కూలీలది. తొలి పరీక్ష వారికి కర్నూలు జిల్లాలో జరిగియుండవచ్చును. రెండవ పరీక్ష వేళకు వారు గుంటూరు చేలలో నుందురు, ఈ ఊరి జాబితాలో వారి పేరుండదు. రోజు కూలి పోగొట్టుకొని ఎరుగని ఊరి ఆసుపత్రి వరండాలో రెండు గంటలు కూర్చుండుమని వారిని కోరుట సులభము గాని న్యాయము కాదు. గ్లూకోజు పొట్లమును, గ్లూకోమీటరును చేను గట్టుకే తీసికొనిపోవుట ఒక ఆరోగ్య కార్యకర్తకు ఒక పూట పని.

అన్నియు విని కూడ పరీక్షను వలదను స్త్రీ యుండవచ్చును. గ్లూకోజు కడుపున నిలువని స్త్రీయు ఉండవచ్చును. వారికి అదొక్కటే దారి కాదు: ఒక వారముపాటు పరగడుపునను, భోజనమైన రెండు గంటలకును గ్లూకోమీటరుతో చూచుకొని వైద్యునకు చూపించిన కొంతవరకు పని జరుగును. మూడు నెలల సగటు చెప్పు హెచ్‌బీఏ1సీ పరీక్షను మాత్రము ఇందుకు నమ్మరాదు. గర్భమున నెత్తురు మార్పులు దానిని దించును, ఇనుము లోపము దానిని పెంచును, ఈ రెండును ఒకే తల్లియందుండుట మా యూళ్ళలో సర్వసాధారణము. బలవంతము వలదు, కాని నా యింటి ఆడపిల్ల అడిగినచో చేయించుకొమ్మనియే చెప్పుదును. ఒక పూట పనియు, ఒక గ్లాసు వెగటు నీళ్ళును ఖర్చు. తేలినచో చేయవలసిన పనిలో ముప్పాతిక వంతు వంటింటిలోనే యున్నది.

బిడ్డ పుట్టిన దినమున చేయవలసినదియు కొంత కలదు. చక్కెర తేలిన తల్లి బిడ్డకు గంటలోపల ముర్రుపాలు పట్టి, ఆ తరువాత చక్కెర చూడవలెను. 45కు దిగువనున్నచో వెంటనే చికిత్స కావలెను. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించు పెద్దమ్మలు ఇంకను కొన్ని యిండ్లలో కలరు. ఏ బిడ్డకును అది మంచిది కాదు, ఈ బిడ్డకు మరింత కీడు.

పరీక్షకు అనుకూలముగా నేను చెప్పదలచిన అతిబలమైన కారణము కాన్పు దాటిన తరువాతిది. మాయ పడిపోగానే తల్లి చక్కెర చాలవరకు మామూలునకు వచ్చును, ఇంటివారు "పోయిందిలే" అని కార్డును మడిచి పెట్టుదురు. కాని గర్భకాలమున చక్కెర తేలిన స్త్రీకి తరువాతి యేండ్లలో శాశ్వతమైన చక్కెరవ్యాధి వచ్చు అవకాశము ఇతర స్త్రీలకంటె ఏడు నుండి పది రెట్లు అధికమని పెక్కు పరిశోధనల సమాహారములు చెప్పుచున్నవి. ఓసల్లివన్ 1964లో వెదకినది నిజమునకు దీనినే. ఇరువది రెండేండ్లకే ఈ హెచ్చరిక చేతికందిన తల్లికి ముప్పదియైదేండ్లకు వ్యాధి రాకుండ చూచుకొనుటకు పదమూడేండ్ల వ్యవధి దొరకును. అంత ముందుగా చెప్పగల పరీక్ష వేరొకటి ఆమె జీవితమున రాదు. అందుకే కాన్పైన ఆరు వారములకు పరగడుపున 75 గ్రాముల గ్లూకోజుతో మరల పరీక్షించి, పిమ్మట ఏటేట చూచుకొనుమని మార్గదర్శకములు విధించినవి. ఆచరణలో ఎక్కువగా ఎగిరిపోవునది ఈ ఆరు వారముల పరీక్షయే: బాలింత పుట్టింటనుండును, పథ్యములోనుండును, ఎండకు గాలికి బయటికి పంపరు, పరీక్ష తల్లికే గాని బిడ్డకు కాదు గనుక ఎవరికిని తొందరయుండదు. అయితే సరిగా ఆ ఆరు వారములకే బిడ్డకు పెంటావాలెంటు టీకా మొదటి మోతాదు పడును. ఆ టీకాను మాత్రము మా ఊళ్ళలో ఏ అమ్మమ్మయు మాననీయదు, మనుమని ఎత్తుకొని తానే తెల్లవారకముందు బయలుదేరును. ఆ దినమున తల్లిని కూడ పరగడుపున వెంటబెట్టుకొని రమ్మని ముందునాడే కబురంపినచో, బిడ్డ తొడకు సూది వేయు బల్ల దగ్గరనే తల్లికి గ్లూకోజు ఇచ్చి, టీకా వికటించునేమో యని కూర్చుండబెట్టు ఆ కొంతసేపును రెండు గంటలకు పొడిగించి, ఆమె వ్రేలినుండి ఒక బొట్టు రక్తము తీసికొనుటకు ఏఎన్ఎమ్‌కు కొత్త ఉత్తరువు అక్కరలేదు.